పన్నెండేళ్ల లోపు పిల్లలకు బేసుల మధ్య పరుగు నేర్పడం ఎలా?

ప్రశ్న (పర్లాకిమిడి నుండి)

అందరికీ నమస్కారం. గజపతి జిల్లాలోని ఒక పాఠశాలలో వ్యాయామోపాధ్యాయుడిగా పనిచేస్తున్నాను. పదకొండు, పన్నెండేళ్ల పిల్లలు పద్నాలుగు మందితో బేస్‌బాల్ జట్టును తయారుచేశాను. బంతి విసరడంలో, కొట్టడంలో బాగానే కుదురుకున్నారు గాని, బేసుల (వరుసగా తొక్కుతూ పోవాల్సిన గుర్తుల) మధ్య పరుగు దగ్గరికి వచ్చేసరికి చేతికందిన ఆట జారిపోతున్నది. మొన్నటి పోటీలో ఒక కుర్రాడు బంతిని గట్టిగా కొట్టి, అది ఎక్కడ పడుతుందో చూస్తూ హోమ్ ప్లేట్ (బంతిని కొట్టే చోటు) దగ్గరే నిలబడిపోయాడు; తేరుకుని పరుగందుకునేసరికి బంతి ఫస్ట్ బేసుకు చేరిపోయింది. ఇంకొకడు సెకండ్ బేసును తొక్కి, అదే ఊపున నాలుగడుగులు దాటిపోయి అవుటయ్యాడు. జట్టులో అందరికంటే వేగంగా పరుగెత్తేది వీళ్లిద్దరే కావడం నన్ను మరీ బాధపెట్టింది. జట్టునంతటినీ కలిపి చేయించదగిన అభ్యాసాలు ఉంటే దయచేసి చెప్పండి. పిల్లల్లో సగం మంది ఇంట్లో తెలుగు, సగం మంది ఒడియా మాట్లాడతారు.

జవాబు 1 (రాయగడ నుండి)

మాస్టారూ, మీరు చెప్పిన రెండు తప్పులూ క్రికెట్ నుంచి వచ్చినవే. అక్కడ బంతిని కొట్టాక పరుగు తీయాలో వద్దో ఆటగాడి ఇష్టం, గీత దాటాక ఎంత దూరం పోయినా నష్టం లేదు. పైగా క్రికెట్ క్రీజుల మధ్య దూరం 58 అడుగులు, ఈ వయసు పిల్లల బేసుల మధ్య దూరం 60 అడుగులు కాబట్టి వాళ్ల కాళ్లు పాత లెక్కనే పట్టుకుంటాయి. బేస్‌బాల్‌లో బంతి ఫెయిర్‌గా, అంటే హద్దు గీతల లోపల పడితే పరుగెత్తి తీరాలి. ఫస్ట్ బేసును దాటి నేరుగా పోయి, సెకండ్ వైపు ప్రయత్నించకుండా వెంటనే తిరిగివస్తే ట్యాగ్ చేసినా, అంటే బంతితో తాకినా అవుట్ కాదు. సెకండ్, థర్డ్ బేసుల దగ్గర ఆ వెసులుబాటు లేదు. ఈ తేడాను నోటితో చెబితే సరిపోదు, బేసు దగ్గర నిలబెట్టి చూపించాలి.

మొదటి రెండు వారాలు బంతి లేకుండానే చేయించండి. ఒక్కొక్కరే ఉత్తి బ్యాట్ ఊపి, దాన్ని కిందికి వదిలి, ఫస్ట్ బేసు ముందు అంచును తొక్కుతూ వేగం తగ్గకుండా దాటిపోవాలి. దాటాక కుడివైపు చూసి, బంతి చేయిజారి అటు పోయిందేమో గమనించాలి. తరువాత మలుపు నేర్పండి. బేసుకు నాలుగైదు మీటర్ల ముందు నుంచే కుడికి కాస్త ఎడంగా పోయి, బేసు లోపలి మూలను తొక్కి, ఎడమకు ఒరిగి తిరగాలి. ఆ వంపును నేలమీద గీసి ఉంచండి. ఏ పాదం తొక్కినా ఫరవాలేదు, అడుగుల లయ చెదరకూడదు. నేను లోపలి మూలన ముగ్గుపిండి చల్లి, పరుగు పూర్తయ్యాక బూటు అడుగు చూపించమంటాను. తెల్లగా అంటకపోతే మళ్లీ పరుగే. మాటకు కట్టుబడని పిల్లలు కూడా ఆ తెల్లటి మరక కోసం పోటీ పడతారు.

చివర్లో రెండు జట్లు చేసి, ఒకదాన్ని హోమ్ దగ్గర, ఇంకొకదాన్ని సెకండ్ దగ్గర నిలబెట్టి రిలే పెట్టండి. బేసు తొక్కనివాడు వెనక్కి వెళ్లి తొక్కి రావాలి.

జవాబు 2 (సిరొంచ నుండి)

పైవారి మలుపు అభ్యాసం చాలా మంచిది. అయితే బంతి లేకుండా రెండు వారాలంటే ఎక్కువని నా అభిప్రాయం, ఎందుకంటే పిల్లలకు అసలు కొరవడినది బంతిని చూసి నిర్ణయం తీసుకోవడమే. మా వైపు పిల్లలు ఖోఖోలో పెరుగుతారు. తరిమేవాడు ఒక దిక్కు పట్టాక స్తంభం దాటేవరకు వెనక్కి తిరగరాదన్న నియమం ఒంట్లో ఇంకిపోయి, బంతి గాల్లోకి లేచినా వెనుదిరగడానికి తడబడతారు.

అందుకే ఫస్ట్ బేసు దగ్గర నలుగురిని వరుసగా నిలబెట్టి, బంతి వేసే ముందు ప్రతిసారీ ఎన్ని అవుట్లయ్యాయో అడిగి, వాళ్ల చేతనే గట్టిగా చెప్పిస్తాను. రెండు అవుట్ల లోపు బంతి గాల్లోకి లేస్తే సగం దూరం వెళ్లి, పట్టుకుంటే వెనక్కి రావాలి, జారవిడిస్తే ముందుకు పోవాలి. థర్డ్ మీద ఉన్నవాడు మాత్రం, బంతి దూరంగా లేస్తే, బేసు మీదే కాలుంచి, బంతి ఫీల్డరు చేతిని తాకాకే బయలుదేరాలి. రెండు అవుట్లయ్యాక బ్యాట్‌కు బంతి తగలగానే పరుగే. భాష విషయంలో దిగులు వద్దు. రెండు చేతులు పైకెత్తితే ఆగమని, చేయి గుండ్రంగా తిప్పితే సాగిపొమ్మని, అరచేతులు కిందికి చూపితే నేలమీద జారుతూ బేసును అందుకోమని అందరికీ ఒకటే గుర్తు.

జవాబు 3 (బరంపురం నుండి)

జారడం నేర్పేటప్పుడు తొందరపడకండి. తడిపిన గడ్డి మీద, బూట్లు విప్పించి, ఒక కాలు మరో కాలి కింద మడిచి, గడ్డం ఛాతీకి ఆనించి, చేతులు పైకి ఉంచి కూర్చున్నట్టు జారమనాలి. ఆ సమయంలో బేసును నేలకు బిగించకండి, కాలు తగలగానే కదిలిపోతే చీలమండ మెలిపడదు. ముందున్న బేసు వైపు తలతో దూకడాన్ని పిల్లల బేస్‌బాల్ సంస్థ లిటిల్ లీగ్ నియమాలు ఈ వయసువారికి అనుమతించవు.

ప్రశ్న వేసినవారి మాట

ముగ్గురికీ కృతజ్ఞతలు. పది రోజులుగా చేయిస్తున్నాను. ముగ్గుపిండి మరక మొదటిరోజు ఐదుగురికే అంటింది, నిన్న పదకొండు మందికి అంటింది. బంతిని చూస్తూ నిలబడిపోయిన కుర్రాణ్ణి థర్డ్ బేసు పక్కన కోచ్ స్థానంలో నిలబెట్టాను. నిన్న సాయంత్రం వాడు బంతి మీద నుంచి చూపు తిప్పకుండానే రెండు చేతులూ ఎత్తి, హోమ్ వైపు దూసుకుపోతున్న ఒడియా పిల్లవాణ్ణి ఆపాడు. అంతలోనే బంతి హోమ్ ప్లేట్ దగ్గరికి వచ్చి పడింది.