అప్‌డేట్: మ్యాచ్ చివర్లో మోకాలు లోపలికి వంగడానికి కారణం తెలిసింది

ఫుట్‌బాల్ ఆడే మా అమ్మాయికి మ్యాచ్ చివర్లో, ఎగిరి దిగేటప్పుడు మోకాలు లోపలికి వంగుతోందని ఇక్కడ అడిగాను. సమాధానమిచ్చిన వారందరికీ కృతజ్ఞతలు. ఫిజియోథెరపిస్టు ఆమెను తాజాగా ఉన్నప్పుడు ఒకసారి, బాగా పరుగెత్తించి అలసిన వెంటనే మరోసారి ఒంటికాలిపై దూకించి వీడియోలు పోల్చారు. మొదటిదానిలో లోపమేమీ కనిపించలేదు. రెండోదానిలో తుంటి పక్క కండరాలు అలసి తొడను నిలపలేకపోవడంతో మోకాలు లోపలికి జారడం స్పష్టంగా కనిపించింది. ఇలా దిగినప్పుడు మోకాలిలోని ఏసీఎల్ లిగమెంటు (తొడ ఎముకను కాలి ఎముకతో కలిపి మోకాలిని నిలిపే పట్టీ) తెగే ప్రమాదం ఎక్కువ కనుక, అలసిన స్థితిలోనూ పరీక్ష తప్పక చేయించాలని నా అభిప్రాయం. మీరు సూచించిన, సుమారు 20 నిమిషాల ఫిఫా 11 ప్లస్ వార్మప్ (ఫుట్‌బాల్ గాయాలు తగ్గించడానికి రూపొందించిన వ్యాయామాల వరుస) పనిచేసింది. అందులోని బలం, సమతుల్యతల వ్యాయామాలను ఫిజియో సాధన ముగిశాక కూడా చేయించారు. బూట్లు కారణమేమోనన్న సందేహం కూడా తీరింది; వాటికి దీనితో సంబంధం లేదని తేలింది. ఇప్పుడు చివరి నిమిషాల్లోనూ మోకాలు పాదానికి సూటిగానే నిలుస్తోంది.