ముందు లక్ష్యం రాయాలా, సామర్థ్యం రాయాలా? బుడమేరు వరద మీద ఒక చర్చ

పటమట ఇంజినీరు:
బుడమేరు వాగు పొంగి విజయవాడ మునిగితే కదలాల్సినవాళ్లు ఎందరో: నీటిపారుదల, కరెంటు, కార్పొరేషన్, రైల్వే, వాతావరణ శాఖ. ఎవరి అధికారం వారిదే, వరదొస్తే మాత్రం అందరూ కలిసి పని చేయాలి. ఇలాంటి ‘వ్యవస్థల కూటమి’కి సిస్టమ్స్ ఇంజినీరింగ్ నిపుణుడు మార్క్ మయర్ 1998లో రెండు గుర్తులు చెప్పారు. అందులో ప్రతిదీ విడిగా పని చేయగలదు, తన సొంత పెత్తనం కింద విడిగానే నడుస్తుంటుంది. ఈ కూటమి ఎలా పని చేయాలో చూపే నమూనా (మోడల్) గీయాలంటే ముందు లక్ష్యం రాయాలంటాను. ‘ఒక్క ప్రాణం పోకూడదు’ అని పైన పెట్టి, ఒక్కో ముక్క ఒక్కరి చేతికి వచ్చేదాకా విడగొట్టాలి. లక్ష్యాలతో మొదలుపెట్టి వ్యవస్థ అవసరాలు రాసే కావోస్ (KAOS) పద్ధతి చేసేది అదే.

సింగ్‌నగర్ కుర్రాడు:
అన్నా, ఆ ముక్కలు పంచిపెట్టేది ఎవరు? రైల్వేకి రైళ్లు నడవడం ముఖ్యం, బ్యారేజీ వాళ్లకు గేట్లు నిలవడం ముఖ్యం. అందులో తప్పేం లేదు, వాళ్లను పెట్టుకున్నదే అందుకు. ఎవరు ఏం చేయగలరు, ఎప్పుడు చేయలేరు అన్నది ముందు రాయాలి.

2024 సెప్టెంబర్ మొదట్లో ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కులు వచ్చాయి. బుడమేరు నీళ్లను వెలగలేరు దగ్గర మళ్లించి కృష్ణలో కలపడానికి డైవర్షన్ ఛానల్ ఉంది కదా. కాగితం మీద దాని సామర్థ్యం ఒక అంకె. కృష్ణ నిండుగా ఉంటే ఆ నీళ్లను నది తీసుకోదు, వెనక్కి తంతుంది. ఆ రోజుల్లో కృష్ణ, బుడమేరు రెండూ ఒకేసారి పొంగాయి. ఛానల్‌తో మనకు బాగా అవసరం పడినప్పుడే దాని సామర్థ్యం పడిపోయింది. మీ లక్ష్యాల చెట్టులో ఇది కనిపించదు.

బుడమేరు కట్టకు గండ్లు పడ్డాక మా వీధి మునిగింది. డ్రోన్ అన్నం పొట్లాలు మా డాబా మీద దించింది. పక్కింటి మేడ మీదంతా రేకుల షెడ్డు, దించే చోటే లేదు. మా అమ్మ బకెట్‌కు తాడు కట్టి పిట్టగోడ మీద నుంచి వాళ్ల కిటికీకి దించింది. ‘డ్రోన్ ఆహారం చేర్చగలదు’ అంటే చాలదు, ‘ఖాళీ డాబా ఉంటే’ అని పక్కన రాయాలి.

గుంటూరు లెక్చరర్:
షరతు రాయాలన్నది నిజం తమ్ముడూ. కానీ పక్కింటికి అందలేదని మీ అమ్మగారు ఎందుకు చూశారు? అందరూ తినాలన్న లక్ష్యం మనసులో ఉండబట్టే. మా క్లాసులో పిల్లలు ఉన్నవన్నీ చక్కగా గీస్తారు. ఎవరూ చేయని పని ఒకటి మిగిలిపోయిందని మాత్రం చూసుకోరు.

పటమట ఇంజినీరు:
‘కనిపించదు’ అనడం సరికాదు. కావోస్‌లో అడ్డంకుల విశ్లేషణ ఉంది. ప్రతి లక్ష్యం కింద ‘ఇది ఎలా చెడుతుంది’ అని అడుగుతాం. కృష్ణ నిండితే అన్నది అక్కడ వస్తుంది.

సింగ్‌నగర్ కుర్రాడు:
అడిగేవాళ్లకు నది, వాగు రెండింటి సంగతీ తెలిస్తే వస్తుంది. ఛానల్ వాళ్లకు ఛానల్ తెలుసు, బ్యారేజీ వాళ్లకు బ్యారేజీ తెలుసు. అందుకే ప్రతి శాఖా తన షరతులు తనే రాసివ్వాలి, ఎవరి మీద ఆధారపడిందో పేరు పెట్టి మరీ. మేడమ్ చెప్పిన ఖాళీల కోసం తర్వాత లక్ష్యంతో సరిచూద్దాం, ఒప్పుకుంటాను. ముందు ఈ ఒక్క గడి నింపండి: కృష్ణ ఏ మట్టానికి వస్తే ఛానల్ నీళ్లు ఆగిపోతాయి?