మూలలో బీడింగ్ కలవట్లేదు, 45కే కోస్తున్నా!

కొత్తఫ్లాట్: పొద్దున్నుంచి ఇదే పని, బుర్ర వేడెక్కిపోయింది. హాల్లో చెక్క బీడింగ్ నేనే వేసుకుంటున్నా. రంపం వాలుగా ఆడేలా గాళ్లు కోసి ఉండే మైటర్ బాక్స్‌లో పెట్టి సరిగ్గా 45 డిగ్రీలకే కోస్తున్నా, అయినా మూలలో రెండు ముక్కలూ కలవట్లేదు, వేలు దూరేంత సందు. వీడియోల్లో అందరికీ ఠక్కున అతుక్కుంటుంది. కర్రంతా వృథా అవుతోంది, ఎవరైనా చెప్పండి.

ఉప్పల్‌వాసి: కార్పెంటర్‌ని పిలవండి.

గోదారిగట్టు: అసలు కర్ర ఏది? టేకా, పైన్ కర్రా, చెక్క పీచు నొక్కి చేసే ఎండీఎఫ్ఫా? వెనకవైపు చెదల మందు పట్టించారా? అందరూ ముందువైపు పాలిష్ చూసుకుని మురిసిపోతారు, చెదలు వచ్చేది గోడ వైపు నుంచే. పైగా తెచ్చిన రోజే బిగించకూడదు, కొన్నాళ్లు ఆ గదిలోనే ఉంచాలి. వానాకాలంలో చెమ్మ పీల్చి ఉబ్బిన కర్ర ఎండాకాలం వచ్చేసరికి కుంచించుకుపోయి, ఇవాళ కలిసిన మూల కూడా అప్పుడు విడిపోతుంది.

కొత్తఫ్లాట్: పైన్ అండీ. చెదల సంగతి తర్వాత, ముందు మూల సంగతి చెప్పండి ప్లీజ్.

రంపం_ఉలి: బీడింగ్ అంటే ఎక్కడ? నేల దగ్గరా, గోడ మధ్యనా, పైనా?

నల్లకుంట: గోడ మీద ఫ్రేములా వేసేదే కదా బీడింగ్.

గోదారిగట్టు: కాదండీ, కిటికీ రెక్కలో అద్దం ఆపడానికి కొట్టే సన్న పట్టీ బీడింగ్. గోడకి వేసేది మౌల్డింగ్.

నల్లకుంట: షాపులో బీడింగ్ అని అడిగితేనే ఇస్తున్నారు మరి.

కొత్తఫ్లాట్: గోడా సీలింగూ కలిసే చోట, వాలుగా కూర్చునేది.

రంపం_ఉలి: అది ముందే చెప్పాలి కదా బ్రో! వాలుగా కూర్చునే ముక్కని బాక్స్‌లో బల్లపరుపుగా పడుకోబెట్టి 45 కోస్తే కలవదు. తలకిందులుగా పెట్టు. సీలింగ్‌కి ఆనే అంచు బాక్స్ అడుగున, గోడకి ఆనేది బాక్స్ నిలువు పక్కకి, గోడ మీద ఎంత వాలులో ఉంటుందో అంతే వాలులో. జారకుండా అడుగున చిన్న పట్టీ కొట్టుకో. ఇంకోటి, మన ప్లాస్టరింగ్ మూలలు కచ్చితంగా 90 ఉండటం అరుదు, మూలమట్టం పెట్టి చూడు. 92 ఉందనుకో, ఒక్కో ముక్క 46కి కోయాలి, ఆ బాక్స్‌లో 46 గాడి ఉండదు. అందుకే లోపలి మూలకి నేనైతే ఒక ముక్కని నేరుగా గోడకి తగిలేలా బిగించేస్తా. రెండోదాన్ని 45కి కోసి, కోత అంచున కనిపించే వంపు గీత వెంబడే సన్న రంపంతో వెనక కర్ర తీసేస్తా. అది మొదటిదాని మీద ఎక్కి కూర్చుంటుంది, మూల కాస్త వంకరున్నా బయటికి తెలీదు.

నల్లకుంట: అంత కష్టమెందుకు, లప్పం పెట్టి పెయింట్ కొట్టేస్తే సరి.

రంపం_ఉలి: పెయింటైతే సరే. పాలిష్ వేస్తే ఆ లప్పం మచ్చలా కొట్టొచ్చినట్టు కనబడుతుంది. ఏది వేస్తున్నారో ఆయన చెప్పలేదుగా.

గోదారిగట్టు: ఏది వేసినా చెదల మందు ముందు.

కొత్తఫ్లాట్: తిరగేసి పెడితే సందు చాలావరకు పోయింది. సన్న రంపం రేపు తెస్తా. థాంక్స్ అన్నా.

మూడోఅంతస్తు: మాదీ ఇదే పని, కానీ సిమెంటు గోడకి మేకు దిగట్లేదు, వంగిపోతోంది. మీరు దేంతో బిగించారు?