ఈ వారం సమస్య: మగఁడు జాణ యయ్యె మగువ మెచ్చ

ఆటవెలది అనే నాలుగు పాదాల పద్యంలో నాలుగో పాదం ఇచ్చాను. అర్థం కుదిరేలా పైన మూడూ మీరు కట్టాలి, అదే పూరణ.

గుత్తి పెద్దాయన: జాణ అంటే ఆడవాళ్లను అనే మాట కదయ్యా. మగఁడు జాణ ఎట్లయితాడు?

నేను: ముడి అక్కడే ఉంది సార్. విప్పండి.

ఉరవకొండ టీచరమ్మ:
రాగి పిండి పోసి రవ్వంత యుండైన
కట్టకుండఁ గెలికి కట్టెతోడ
వేడి ముద్ద చేసి పెట్టె నాలికిఁ దానె
మగఁడు జాణ యయ్యె మగువ మెచ్చ

నేను: భేష్! ఉండ కట్టకుండా సంగటి గెలకడం ఎంత కష్టమో గెలికినోళ్లకే తెలుసు. మూడో పాదంలో వే-పె యతి సరిపోయింది. యతి అంటే పాదం మొదటి అక్షరానికీ, నాలుగో గణం (పాదంలోని అక్షరాల గుంపు) మొదటి అక్షరానికీ కుదరాల్సిన మైత్రి. వకారానికి ప, ఫ, బ, భలతో మైత్రి ఉంది.

తాడిపత్రి వకీలు:
ధర్మవరపు చీర ధరను సగము చేసి
బేరమాడి తెచ్చె మొన్న రాత్రి
బిల్లు మాత్రమింత పెంచి రాయించెను
మగఁడు జాణ యయ్యె మగువ మెచ్చ

నేను: రెండో పాదం చూడండి. నాలుగో గణం మొదట్లో ‘మొ’ ఉంది, ‘బే’తో యతి కుదరదు. ‘బేరమాడి తెచ్చెఁ బెండ్లి రోజు’ అనండి. యతీ కుదురుతుంది, చీర తేవడానికి ఒక కారణమూ దొరుకుతుంది.

టీచరమ్మ: బేరమాడేంత వరకు జాణతనమే అన్నా. బిల్లు పెంచి రాయిస్తే అది టక్కరితనం. సంగతి బయటపడిన రోజు మగువ మెచ్చదు, పొరక ఎత్తుకుంటుంది.

వకీలు: అంతవరకూ మెచ్చింది కదమ్మా, పూరణకు అది చాలు!

టీచరమ్మతోనే నేను ఏకీభవిస్తాను. సంస్కృతంలో జ్ఞా ధాతువు, ప్రాకృతంలో జాణ. తెలిసినది, తెలిసినవాడు అని అసలు అర్థం. నేర్పరి, చతుర, విదగ్ధ, ప్రోడ అన్నీ దీనికి దగ్గరి చుట్టాలే కానీ ఒకదాని చోట ఇంకొకటి పెడితే రుచి మారుతుంది. విదగ్ధ అంటే మొదట బాగా కాలినది, అంటే కాగి పండిన తెలివి. ప్రోడ ప్రౌఢకు తద్భవం. కావ్యాల్లోని నాయికల్లో ముగ్ధ (సిగ్గు వీడని అమాయకురాలు), మధ్య (సగం సిగ్గు, సగం నేర్పు ఉన్నది) దాటాక వచ్చే దశ. గడసరిలో కొంచెం పెంకితనం ఉంది. జాణలో మాట నేర్పు, సరసం కలిసి ఉంటాయి. ఇప్పుడు సరసం ఒక్కటే మిగిలి, ‘ఆమె జాణలే’ అంటే కన్ను గీటినట్టు వినిపిస్తోంది. ఆ పాపం మాటది కాదు, అనేవాళ్లది.

రాయదుర్గం కుర్రాడు: మా ఊరు కన్నడ సరిహద్దు కదా సార్. అక్కడ మగపిల్లాడు జాణ, ఆడపిల్ల జాణె. చిన్నప్పుడు లెక్క తప్పు లేకుండా చెప్తే మా అవ్వ ‘జాణ నా మనవడు’ అని తల నిమిరేది. నా పూరణ:
పారిజాత తరువుఁ బక్షిపై నెక్కించి
సత్య పెరటిలోన సరిగ నాటి
అలుక తీర్చి నవ్వు నందించె శౌరియే
మగఁడు జాణ యయ్యె మగువ మెచ్చ

నేను: ఛందస్సుకు వంక లేదు. గరుత్మంతుణ్ణి ఉత్త ‘పక్షి’ అనడం మాత్రం ఆయనకు నచ్చకపోవచ్చు. కృష్ణుణ్ణి తెస్తే ఏ సమస్యైనా తేలిగ్గా తీరుతుంది బాబూ, అందుకే నా ఓటు సంగటికి. మీ అవ్వ మాట మాత్రం పద్యం కన్నా బాగుంది.

గుత్తి పెద్దాయన: సరే, ఒప్పుకుంటున్నా. వచ్చే వారం పాదం నేనిస్తా, రాసుకోండి:

ముగ్ధ యెదుట జాణ మూగవోయె