సమస్యాపూరణం: తల్లి యింట నున్న తనయ లేదు

చిక్కడపల్లి నుంచి, ఈ వారం సమస్య ఇస్తున్న సభ్యురాలు:

అందరికీ నమస్కారం. మూడేళ్లుగా నేనొక హాస్య నవల రాస్తున్నానని మీకు తెలుసు. అందులో ఒక తల్లి, ఇంటర్ మొదటి సంవత్సరం చదివే కూతురు, రెండు పడక గదుల ఫ్లాటు ఉంటాయి. ఇద్దరి మధ్యా దూరం పెరిగి పెరిగి, చివరికి పప్పు ఉడికిందన్న కబురు కూడా వంటింటి నుంచి పడకగదికి ఫోనులోనే పంపాల్సి వస్తుంది. జవాబుగా బొటనవేలి బొమ్మ వస్తుంది. కల్పన అని చెప్పుకుంటున్నాను, నమ్మండి. పదకొండో అధ్యాయానికి శీర్షపద్యం కావాలి. ఆటవెలది అనే నాలుగు పాదాల ఛందస్సులో నాలుగో పాదం ఇదీ, దీనికి కుదిరేలా మొదటి మూడు పాదాలూ మీరు పూరించాలి:

తల్లి యింట నున్న తనయ లేదు

ఉన్నది లేకపోవడం ఎలాగో మీరే తేల్చండి. దోమ గొంతులో ఏనుగుల గుంపును దూర్చిన తెనాలి రామకృష్ణుడి కథ చెప్పుకునే జాతి మనది. ఒక్క ఆడపిల్లను మాయం చేయలేమా!

కూకట్‌పల్లి సభ్యుడు:

గదిని జేరి తలుపు గడియఁ బెట్టుకొనియె
చెవులలోన రెండు చిన్న మరలు
పిలిచి పిలిచి గొంతు బిగిసిపోయెను గాని
తల్లి యింట నున్న తనయ లేదు

దిల్‌సుఖ్‌నగర్ మాస్టారు:

ధార బాగుంది. ఇయర్‌ఫోన్లను 'చిన్న మరలు' అన్నందుకు నా రెండు మార్కులు. అయితే పిలిచి పిలిచి గొంతు బిగిసిపోదు నాయనా, బొంగురుపోతుంది. యతి కోసం, అంటే పాదం మొదటి అక్షరానికి నడుమ వచ్చే అక్షరం కలవడం కోసం, గొంతు పిసికారు. మూడో పాదాన్ని 'పొద్దు నుండి గొంతు బొంగురువోయెను' అని మార్చి చూడండి. పొ, బొ చక్కగా కలుస్తాయి.

కూకట్‌పల్లి సభ్యుడు:

మారుస్తాను మాస్టారూ. కాకపోతే 'పిలిచి పిలిచి' పోయినందుకు ప్రాణం ఉసూరుమంటోంది.

ఉప్పల్ నుంచి కొత్త సభ్యుడు:

మొదటి ప్రయత్నం, తప్పులుంటే మన్నించండి.

మెట్రో దిగిన పిల్ల మెట్లెక్కి వచ్చినా
చూపు తెరకు నంటె సున్న మాట
భుజము భుజము దాకఁ బోవుచున్నను గాని
తల్లి యింట నున్న తనయ లేదు

దిల్‌సుఖ్‌నగర్ మాస్టారు:

స్వాగతం తమ్ముడూ. ఆటవెలదిలో 1, 3 పాదాలకు మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. 2, 4 పాదాలకు అయిదూ సూర్యగణాలే. గణమంటే గురువుల, లఘువుల చిన్న గుంపు; గురువు బరువుగా పలికే అక్షరం, లఘువు తేలికగా పలికేది. 'మెట్రో' అంటే రెండు గురువులు. సూర్యగణాలు రెండే, గలము (గురువు, లఘువు), నగణము (మూడు లఘువులు). ఈ రెంటిలో దేనిలోనూ అది ఇమడదు. నాగోలు నుంచి రాయదుర్గం దాకా పోయే రైలు మీ మొదటి గణంలోనే ఆగిపోయింది! 'ఉప్పలందు దిగియు నొంటరి నడకయే' అనండి. ఉకారానికి ఒకారం యతి చెల్లుతుంది, మీ పేటా పద్యంలోకి వస్తుంది. 'సున్న మాట' మాత్రం ముట్టుకోకండి, బంగారం.

మలక్‌పేట అక్కయ్య:

గణాల సంగతి సరే, సమస్యలో 'ఇంట' అని ఉంటే తల్లీకూతుళ్లను వీధిలో నడిపించారేం? ఇల్లు చేరకముందే పద్యం అయిపోయింది.

అయినా కుస్తీ అంతా తనయ ఎక్కడుందన్న దాని మీదే పడుతున్నారు. ఆ పాదంలో తనయే లేదంటే? నా పూరణ చూడండి.

తాను ఫోను విడక తనయను విడుమను
నలిగి నిద్ర పోవ నరల వెదకు
బామ్మ పల్లె కరుగఁ బంచాయితీ తీర్ప
తల్లి యింట నున్నతనయ లేదు

ఉప్పల్ కొత్త సభ్యుడు:

అక్కయ్యా, చివరి పాదం అర్థం కాలేదు.

మలక్‌పేట అక్కయ్య:

'ఇంటను' వేరు, 'ఉన్నతనయ' వేరు. ఉన్నతమైన నయము, అంటే నీతి, వివేకం కలిగిన స్త్రీ అన్నమాట. బామ్మ ఊరికి వెళ్లింది, ఈ ఇద్దరి తగవు తీర్చగల బుద్ధిమంతురాలు ఆ ఇంట్లో లేదు. సమస్యలో ఒక్క అక్షరమూ కదపలేదు.

కూకట్‌పల్లి సభ్యుడు:

అబ్బ! మేమంతా తలుపు కొడుతుంటే మీరు గోడ తీసేశారు. కానీ ఒక అనుమానం. 'అలిగి నిద్ర పోవ' అన్నచోట అలిగిందెవరు? తల్లి అలిగితే కూతురు అరలు వెదికిందని కూడా చదువుకోవచ్చు.

మలక్‌పేట అక్కయ్య:

మా ఇంట్లో రెండూ జరిగాయి. అన్వయం పాఠకుల ఇష్టం.

దిల్‌సుఖ్‌నగర్ మాస్టారు:

ఎవరు ఏం చేశారో తేలని అన్వయ క్లేశం క్లేశమే అక్కయ్యా, ఇంట్లో జరిగినంత మాత్రాన పద్యంలో చెల్లదు. 'ఉన్నతనయ' అన్న పదాల విరుపు మాత్రం అవధాన సభలో పడితే చప్పట్లు మోగేవి. నా వరకు ఈ వారం ఇదే మిన్న.

చిక్కడపల్లి సభ్యురాలు:

ఆగండి మాస్టారూ, తీర్పు అప్పుడే వద్దు. ఈ పూరణలన్నీ మూసి ఉన్న తలుపు ముందు నిలబడి గట్టిగా చదివాను. అవతల చప్పుడు లేదు. పది నిమిషాల తరువాత ఫోను మోగింది. బొటనవేలి బొమ్మ అనుకుని చూస్తే నాలుగు పాదాలు! తాతగారు చిన్నప్పుడు గణాలు నేర్పారు, మరిచిపోయి ఉంటుందనుకున్నాను.

మార్కు లడుగు నాన్న మాటాడఁ డొకనాడు
ర్యాంకు జూచి యమ్మ రంకె వేయు
అంకెలోనె గాని యమ్మాయి గనరాదు
తల్లి యింట నున్న తనయ లేదు

ఉప్పల్ కొత్త సభ్యుడు:

నా మెట్రో పద్యం తీసేయవచ్చునా?

దిల్‌సుఖ్‌నగర్ మాస్టారు:

ఉంచండి, నేర్చుకునేవారికి పనికొస్తుంది. అమ్మాయి పద్యంలో గణాలు, యతులు అన్నీ కుదిరాయి. మన పూరణలన్నిటిలోనూ పిల్ల తనకు తానుగా మాయమైంది, లేదా అక్కయ్య మాయం చేశారు. ఇక్కడ పిల్ల ఎదురుగానే ఉంది, చూసేవాళ్లకే కనబడలేదు. ఒక్క సందేహం. రంకె వేసేది ఎద్దు. అమ్మకు ఆ మాట వాడవచ్చునా?

చిక్కడపల్లి సభ్యురాలు:

వాడవచ్చునని మా వారు వెంటనే ఒప్పుకున్నారు. మొదటి పాదం తన మీదేనని ఆయనకింకా తట్టలేదు.

పదకొండో అధ్యాయానికి ఈ పద్యమే. అక్కయ్యది పన్నెండుకు పెట్టుకుంటాను, బామ్మ ఊరికి వెళ్లేది అప్పుడే. కవయిత్రిగారు పారితోషికంగా ఉస్మానియా బిస్కెట్లు కోరారు. తలుపు తీయడం కుదరదట, కింది సందులోంచి ఒక్కొక్కటిగా తోయమంటోంది. తోస్తున్నాను. ఇప్పటికి నాలుగు వెళ్లాయి.