బొమ్మల కొలువులో గాడ్జిల్లాను నిలబెట్టొచ్చా? (మా ఇంట్లో పెద్ద గొడవైంది)

గట్టుమీద గాడ్జిల్లా (అమలాపురం)

అందరికీ నమస్కారమండి. సంక్రాంతి వెళ్ళి వారమైంది, మా ఇంట్లో గొడవ మాత్రం ఇంకా వెళ్ళలేదు. మీరేమంటారో చూద్దామని ఇక్కడ పెడుతున్నాను.

మేం ఏటా భోగినాడు ఏడు మెట్ల కొలువు పెడతాం. నాయనమ్మ కాలంనాటి మట్టిబొమ్మలు, కొండపల్లి ఏనుగు అంబారీ, ఏటికొప్పాక లక్కపిడతలు, మా చెల్లి చిన్నప్పటి ప్లాస్టిక్ పోలీసు జీపు, అన్నీ ఎక్కుతాయి. మెట్ల కింద నేలమీద ఇసక పోసి ఊరు కడతాం. మొలకెత్తిన ఆవాలు వరిచేలు, అగ్గిపెట్టెలు పెంకుటిళ్ళు, మట్టితో రెండు పూరిపాకలు. ఈసారి ఆ ఊళ్ళో నా గాడ్జిల్లాను, అదే జపాన్ సినిమాల్లో ఊళ్ళు తొక్కే రాక్షసబల్లి బొమ్మని, నిలబెట్టాను. 1954లో వచ్చిన మొదటి సినిమాలోని రూపం. జపాన్ కంపెనీ ఎక్స్‌ప్లస్ వాళ్ళ 30 సెంటీమీటర్ల సాఫ్ట్ వినైల్ (మెత్తటి ప్లాస్టిక్) బొమ్మ. వీపుమీద పలకల్లాంటి ముళ్ళు మూడు వరుసలు, చర్మంమీద ముడతలు ఒకదానిలా ఒకటి ఉండదు. ఒక కాలు పూరిపాకమీద ఆనించాను. ఫొటో అదిరిపోయింది. పేరంటానికొచ్చిన పిల్లలు మెట్లకేసి చూడనుకూడా లేదు.

మా మేనత్త వచ్చింది, చూసింది, దాన్ని తీసి బీరువామీద పెట్టేసింది. "దేవుళ్ళ ముందు ఆ రాక్షసేంట్రా" అంది, అంతే. కనుమ వెళ్ళేదాకా నాతో సరిగ్గా మాట్లాడలేదు.

నా ప్రశ్నలు రెండు. కొలువులో పెట్టడం తప్పా? ఇంకోటి, నా దగ్గరున్న ఇలాంటి బొమ్మల్లో ఆరు చిన్నవి అమ్మేసి వచ్చే ఏడాదికి అర మీటరు ఎత్తుది కొందామనుకుంటున్నాను. పిచ్చా, పర్వాలేదా? ("ఉన్నది దించమంటే ఇంకా పెద్దది తెస్తారా" అని మా ఆవిడ అప్పుడే తీర్పు చెప్పేసింది.)

పాలకొల్లు పిన్ని

రాక్షసి అన్న అభ్యంతరం నిలవదు బాబూ. మా కొలువులో నరసింహస్వామి ఒళ్ళో హిరణ్యకశిపుడు పేగులతో సహా ఉన్నాడు. అమ్మవారి కాలికింద మహిషాసురుడున్నాడు. బండెడు అన్నంతో బకాసురుడున్నాడు, వాడంటేనే పిల్లలకి ఇష్టం. అసురులు లేని కొలువు నేనెక్కడా చూళ్ళేదు.

అయితే మా అత్తగారు ఒక పద్ధతి పెట్టారు. ఎంత ముద్దొచ్చే బొమ్మయినా పైమెట్టు దేవుడికన్నా పెద్దది కొలువులోకి రాకూడదు. మా రాముడు జానెడు. మీ గాడ్జిల్లా అడుగు. మీ అర మీటరుదైతే ఇక చెప్పక్కర్లేదు.

కాటన్ బ్యారేజి (ధవళేశ్వరం)

అసలు సంగతి ఎవరూ అడగట్లేదేం? ఎంతయింది?

గట్టుమీద గాడ్జిల్లా

బొమ్మ, రవాణా, కస్టమ్స్ కలిపి 31 వేలండి.

కాటన్ బ్యారేజి

ఆయ్. 31 వేలు. రబ్బరు బల్లికి.

ఆ డబ్బుతో ఏటికొప్పాక వెళ్తే అంకుడు కర్రతో చేసి లక్క పూసిన బొమ్మలు, చెట్ల రంగులవి, కొలువుకు కొలువే వస్తుంది. కొండపల్లి వెళ్తే తెల్లపొణికి కర్ర చెక్కినవాడి చేతికే డబ్బు ఇచ్చి రావచ్చు. చేసినవాడి మొహం చూసి కొంటాం. మీదేమో ఫ్యాక్టరీ సరుకు. అచ్చులోంచి వేలకొద్దీ ఊడిపడతాయి. దానికి 'కలెక్షన్' అని పేరొకటి. పెద్దవాళ్ళు ఆటబొమ్మలు కొనుక్కోడానికి సిగ్గుపడి పెట్టుకున్న పేరది. నా మాట కటువుగా ఉంటే క్షమించండి, కానీ తప్పని ఎవరైనా అనండి చూద్దాం.

రబ్బరు తోక (భీమవరం)

అంటున్నానండి. తప్పు.

ఆ బొమ్మ ఎలా పుడుతుందో చెప్తాను, తర్వాత తిట్టండి. జపాన్‌లో ఈ రకాన్ని సోఫుబి అంటారు. శిల్పి ముందు మట్టితోనో మరోదానితోనో చేత్తో మలుస్తాడు. దాన్నించి మైనం నమూనా తీస్తారు. ఆ మైనంమీద విద్యుత్తుతో లోహపు పూత ఎక్కించి, మైనం కరిగించేస్తే లోహపు అచ్చు మిగులుతుంది. అందులో ద్రవ వినైల్ పోసి బాగా కాగిన నూనెలో ముంచుతారు. గోడకు ఆనుకున్న పొర గట్టిపడగానే మిగతాది ఒంపేస్తారు. తర్వాత వేడిమీద ఉండగానే పట్టకారుతో పట్టుకుని లోపలినుంచి లాగుతారు, మనిషి లాగుతాడు, మిషను కాదు. మెత్తగా ఉంటుంది కాబట్టి అచ్చుని రెండు ముక్కలు చేయక్కర్లేదు. అందుకే వేలెడు తోకకొన దగ్గర కూడా అతుకు గీత కనపడదు.

మీరు కొత్తపేటలో నాయకుల విగ్రహాలు పోసే షెడ్డు చూశారా? మట్టి నమూనా, దానిమీద ప్లాస్టరు అచ్చు, అందులో పోత. అక్కడ నిలబడి "ఇది ఫ్యాక్టరీ సరుకు" అనగలరా? చేసినవాడి పేరుకూడా ఉంటుంది. యూజీ సకాయ్ చెక్కిన గాడ్జిల్లాలని పేరు చెప్పి మరీ వెతుక్కుంటారు జనం. అచ్చులోంచి వచ్చింది కళ కాదంటే మన వినాయకచవితి మట్టి విగ్రహాలు సగం పోతాయి.

ధర మాటలో మాత్రం మీరు సగం రైటు. ఆటబొమ్మల దిగుమతి సుంకం 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70కి వెళ్ళింది. 31 వేలలో శిల్పికి పోయేది ఎంతో మనకూ తెలుసు.

బుల్లెట్ బావ

భీమవరంలో మా ఫ్రెండు రెసిన్ ప్రింటర్‌లో (ద్రవ ప్లాస్టిక్‌తో బొమ్మలు చేసే 3డి మిషను) ఇదే ఎత్తుది 6 వేలకి చేసిస్తాడు. రంగులు కూడా వేస్తాడు. చూసినవాడు తేడా చెప్పలేడు. ఎందుకండీ ఈ గోలంతా?

రబ్బరు తోక

సొంతంగా మలిచినదైతే తల తాకట్టు పెట్టయినా కొంటాను బావా. ఒకరు చెక్కినదాన్ని స్కాన్ చేసి పోసింది మాత్రం నా గుమ్మం ఎక్కదు. పైగా ఆ రెసిన్ మన నాపరాళ్ళ గచ్చుమీద ఒక్కసారి పడితే చీపురుతో ఎత్తుకోవాలి. వినైల్ ఎగిరి మంచంకిందికి పోతుంది, అంతే.

లెక్కల మాస్టారు (తణుకు)

గాడ్జిల్లా బాబూ, ఫొటో చూశాను. నాకు బొమ్మతో పేచీ లేదు, ఊరితో ఉంది.

1954 సినిమాలో గాడ్జిల్లా ఎత్తు 50 మీటర్లు. మీ బొమ్మ 30 సెంటీమీటర్లు. అంటే అసలు ఎత్తులో సుమారు 167వ వంతు, 167కి ఒకటి. మీ అగ్గిపెట్టె పెంకుటిల్లు నిలబెడితే 8 మీటర్ల పైమాటే, మూడంతస్తుల మేడ. మీరు గుచ్చిన కొబ్బరాకు పుల్లలు నాలుగంగుళాలు మించకపోతే మంచిదే, 18 మీటర్ల కొబ్బరిచెట్టు ఈ లెక్కన 11 సెంటీమీటర్లు. పూరిపాక మాత్రం రెండున్నర సెంటీమీటర్లు దాటకూడదు. మీది అరచేయంత ఉంది.

పెద్దది కొంటానన్నారు, అక్కడా లెక్క చూసుకోండి. 2016 నాటి సినిమాలో షిన్ గాడ్జిల్లా 118.5 మీటర్లు. మీ దానికి జోడీగా అదే కొలతలో కావాలంటే 71 సెంటీమీటర్లది వెతకాలి. అర మీటరుది తెస్తే మీ ఊళ్ళో అది 83 మీటర్లదే అవుతుంది.

అన్నిటికన్నా ముఖ్యం, చూపు. ఆ సినిమాకి టోక్యోని 25కి ఒకటి లెక్కన కట్టారు, మనిషి తొడుక్కునే గాడ్జిల్లా దుస్తు రెండు మీటర్లు కాబట్టి. లోపల దూరి నడిచినాయన హరువో నకజిమా. కెమెరాని కిందికి దింపి పైకి చూస్తూ తీశారు కాబట్టే మనకి భయమేసింది. మీరేం చేశారు? నేలమీద పెట్టి నిలబడి చూశారు. అడుగు బొమ్మని అయిదున్నర అడుగుల ఎత్తునించి చూస్తే ఏ శిల్పి చెక్కినా తొండే. జగ్గన్నతోట తీర్థంలో అంతెత్తు ప్రభ కింద నిలబడి తల ఎత్తి చూస్తాం కదా, మేడమీంచి చూస్తే ఆ ఒళ్ళు జలదరింపు ఉంటుందా? 50 సెంటీమీటర్లది కొని నేలమీద పెట్టేకంటే ఉన్నదాన్ని కంటి ఎత్తుకన్నా జానెడు పైన పెట్టుకోవడం మేలు. ఖర్చు లేదు.

కాటన్ బ్యారేజి

మాస్టారూ, అంత లెక్క వేసి "కొనొద్దు" అనే కదా తేల్చారు. అదే నేనూ అన్నాను.

లెక్కల మాస్టారు

నేను కొనొద్దనలేదు. నా దగ్గర పదమూడు ఉన్నాయి.

కొబ్బరాకు (ముమ్మిడివరం)

ఇందాకట్నుంచీ చదువుతున్నాను. రాయాలా వద్దా అనుకున్నాను.

మీ ఫొటోలో నాకు ముందు కనపడింది బొమ్మ కాదండి. పాకమీద కాలు. 1996 నవంబరు 6 రాత్రి తుపానుకి మా పాక అలాగే పడిపోయింది. పొద్దున్నే లేచి చూస్తే ఊళ్ళో కొబ్బరిచెట్లన్నీ ఒక్కవైపుకి పడుకున్నాయి, ఎవరో తొక్కుకుంటూ వెళ్ళినట్టు. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. ఇలాంటి సినిమా వస్తే మావాళ్ళు చూస్తారు, నేను లేచి బయటికొచ్చేస్తాను. కొనుక్కోండి, ఎంత పెద్దదైనా పెట్టుకోండి, అది మీ ఇష్టం. పండగపూట ఊరుకట్టి దాన్ని తొక్కించడం మాత్రం నాకు నచ్చలేదు.

మీ మేనత్తగారిది ఏ ఊరు?

రబ్బరు తోక

మీ మాట కాదనలేను అన్నయ్యా. కానీ ఒకటి చెప్పాలి.

ఆ సినిమా 1954 నవంబరు 3న వచ్చింది. అదే ఏడాది మార్చి 1న అమెరికా బికినీ దీవిలో హైడ్రోజన్ బాంబు పేల్చింది. దూరంగా చేపలు పడుతున్న జపాన్ పడవ లక్కీ డ్రాగన్‌మీద ఆ బూడిద రాలింది. అందులో 23 మంది. వాళ్ళ రేడియో ఆపరేటరు సెప్టెంబరులో చనిపోయాడు. సినిమా మొదలయ్యేదే సముద్రంమీద తెల్లటి వెలుగు, తగలబడిన పడవతో. బొమ్మ చర్మంమీద ఆ ముడతలు ఉన్నాయే, అవి అణుబాంబు పడ్డాక బతికినవాళ్ళ ఒంటిమీద కాలిన మచ్చల పోలికే అంటారు. అంటే తొక్కేది కూడా కాలినదే. యుద్ధంలో బాంబులకి టోక్యో తగలబడి అప్పటికి తొమ్మిదేళ్ళే. ఇళ్ళు పోగొట్టుకున్నవాళ్ళే టికెట్టు కొని, తమ ఊరు మళ్ళీ కూలడం చూశారు. ఎందుకు చూశారో నేను చెప్పలేను. మీరు లేచి వచ్చేసినట్టే వచ్చేసినవాళ్ళూ ఉంటారు.

అందుకని నాకు ఆ బొమ్మని ఊరు లేకుండా, ఖాళీ పీటమీద పెడితే సగం బొమ్మే అనిపిస్తుంది.

కొబ్బరాకు

సగమే చాలు మా ఇంటికి.

పాలకొల్లు పిన్ని

రబ్బరు తోక బాబూ, అంత కథ ఉందని నాకు తెలీదు. అయినా చెప్తున్నాను, ఎవరో పడిన బాధ బొమ్మయి వస్తే దానికి చోటుంది, అది పేరంటం జరిగే గది కాదు.

రబ్బరు తోక

ఒప్పుకోనండి పిన్నిగారూ. హిరణ్యకశిపుడి పేగులకి చోటున్న గదిలో దీనికీ ఉంటుంది. సరే, వదిలేద్దాం.

పెద్దది కొనేముందు ఇంటి సంగతి చూసుకోండి గాడ్జిల్లా గారూ, దీని గురించి ఎవరూ చెప్పరు. మనది డెల్టా. రోహిణికార్తెలో స్లాబు కింది గదిలో వినైల్ మెత్తబడుతుంది. లోపల గుల్ల, పైన బరువు. నెమ్మదిగా చీలమండ దగ్గర వంగి, జూన్ నాటికి బొమ్మ ముందుకి తూలుతుంది. ఎత్తు పెరిగేకొద్దీ ఈ బాధ ఎక్కువ. వంగితే కాలు ఊడదీసి బాగా వేడినీళ్ళలో ముంచి, సరిచేసి, వెంటనే చన్నీళ్ళలో పెట్టండి. పడమటి కిటికీ ఎండ తగలనివ్వకండి, రంగు పోతుంది. డబ్బాని అటకమీద పెట్టకండి, చెదలో బూజో ఏదో ఒకటి తినేస్తుంది. ప్లాస్టిక్ కవరు చుట్టి ఏళ్ళకేళ్ళు దాచినా చెడ్డే, ఒళ్ళంతా జిగురు కడుతుంది. కలరా ఉండలు అసలు వేయొద్దు, ఆ ఆవిరికి కొన్ని ప్లాస్టిక్కులు కరుగుతాయి. నా రోడాన్ (ఆ సినిమాల్లోనే ఎగిరే రాక్షసి) బొమ్మ రెక్క అలాగే పోయింది. పోయింది నా తెలివితక్కువతోనే.

గట్టుమీద గాడ్జిల్లా

ఆలస్యానికి క్షమించండి. కొబ్బరాకు గారి ప్రశ్న చదివి నిన్న మేనత్త ఇంటికి వెళ్ళాను. ఆవిడ అత్తారిది ఐ.పోలవరం వైపు. 96లో పెళ్ళయి రెండేళ్ళు. ఇంటిపైకప్పు ఎగిరిపోతే రాత్రంతా పశువులపాక గుంజ పట్టుకుని నిలబడ్డారట. ఇన్నేళ్ళలో నేనెప్పుడూ అడగలేదు, ఆవిడా చెప్పలేదు. ఫొటో చూపించి, మాస్టారి లెక్కలన్నీ చెప్పాను. "బొమ్మమీద నాకేం కోపంరా, దాని మొహం చూస్తే పాపం జాలిగానే ఉంది. ఆ పాకమీంచి కాలు తియ్యి" అంది.

వచ్చే ఏడు కొలువు పక్కన స్టూలుమీద పెడతాను, పిల్లల కంటికి పైన. పిన్నిగారి అత్తగారి పద్ధతి ప్రకారం అది కొలువులో లెక్క కాదు, కొలువు చూడ్డానికొచ్చినట్టు లెక్క. రబ్బరు తోక గారికి ఇది నచ్చదని తెలుసు. అర మీటరు సంగతి ఆగింది. మా ఆవిడ టేపు తెచ్చి హాల్లో గోడలన్నీ కొలిచి "ఎక్కడ?" అంది. జవాబు దొరకలేదు.

కాటన్ బ్యారేజి

చదివాను. వేడినీళ్ళలో కాళ్ళు ముంచితేగానీ నిలబడని బొమ్మకి 31 వేలు.

ఆయ్, కానివ్వండి.