అక్వేరియం ఆటలు: సీసా తెల్లబడింది, గాలానికి చేప అంటట్లేదు. ఎక్కడ తప్పు?

చిట్టిబడి అడిగారు:

నమస్కారమండి. 3 నుంచి 5 ఏళ్ల పిల్లలు 12 మంది. రోజుకు 40 నిమిషాల చొప్పున 5 రోజులు అక్వేరియం మీద ఆటలు పెట్టాలి. ముందుగా నమూనాలు చేసి చూస్తే మూడూ చెడ్డాయి.

అలల సీసా: 500 మి.లీ. సీసాలో నీళ్లు, నీలం రంగు, వంటనూనె పోశాను. రెండుసార్లు ఊపగానే పాలలా తెల్లబడింది, గంట గడిచినా విడిపోలేదు. బొమ్మ చేప అడుక్కి పోయి కూర్చుంది.

అయస్కాంతం గాలం: అట్ట చేపలకు జెమ్ క్లిప్పులు పెట్టాను. చేప కాస్త లేచి జారిపోతోంది. కొన్ని అసలు అంటుకోవట్లేదు.

అట్టపెట్టె అక్వేరియం: రంగు వేసిన కాగితం చేపలు ఆరేసరికి చుట్టుకుపోయాయి. దారం కట్టి వేలాడదీస్తే గిర్రున తిరుగుతూ తోకే చూపిస్తున్నాయి.

ఇంకో రెండు సందేహాలు. నీళ్లలో ఉబ్బే జెల్లీ పూసలు అడుగున గులకరాళ్ల బదులు వాడొచ్చా? అలాగే, ఇవన్నీ కత్తెర, జిగురు పనులుగానే మిగిలిపోతున్నాయి. చేప గురించి పిల్లలకు ఏదైనా తెలిసేలా ఏం చేయొచ్చు?

సీసాలోసంద్రం:

సీసా సంగతి చెప్తాను. తెల్లబడటానికి కారణం దాదాపు ఎప్పుడూ సబ్బే. సీసాను సబ్బుతో కడిగి ఒకసారి తొలిపి వదిలేస్తే, మిగిలిన ఆ కాస్త సబ్బే నూనెను సన్నని చుక్కలుగా విడగొట్టి మళ్లీ కలవనీయదు. అలా అయిన సీసాను బాగుచేయలేం, పారబోయాల్సిందే. కొత్త సీసాను వట్టి నీళ్లతో నాలుగైదుసార్లు తొలిపి, బోర్లించి పూర్తిగా ఆరనివ్వండి.

వంటనూనె బదులు పసిపిల్లలకు రాసే రంగులేని మినరల్ నూనె, అంటే బేబీ ఆయిల్ తీసుకోండి. పసుపు రంగు నూనె కింద నీలం నీళ్లుంటే మొత్తం పచ్చగా, మురికిగా కనిపిస్తుంది. కొలత: 320 మి.లీ. నీళ్లు, రెండే చుక్కల రంగు, మిగతాదంతా నూనె. రంగు నాలుగు చుక్కలు దాటితే లోపల చేప కనపడదు. మూతి అంచు వరకూ నింపండి. పైన గాలి మిగిలితే ఊపినప్పుడు బుడగలు పుట్టి అల విరిగిపోతుంది.

ఇక చేప. బొమ్మల కొట్లో చేప కొనక్కర్లేదు. ప్లాస్టిక్ డబ్బా మూతల కింద త్రిభుజంలో ఒక అంకె ఉంటుంది చూడండి. 2 గానీ 5 గానీ ఉన్న పల్చటి మూతను 3 సెం.మీ. చేపగా కత్తిరించండి. ఈ రెండు రకాల ప్లాస్టిక్కూ నీటికన్నా తేలిక, బేబీ ఆయిల్ కన్నా బరువు. అందుకని చేప నీటిలో మునగదు, నూనెలో తేలదు. సరిగ్గా రెండూ కలిసే గీత మీద నిలబడి అలతోపాటు ఊగుతుంది. 1 అంకె ఉన్నది (నీళ్ల సీసా ప్లాస్టిక్) రెండిట్లోనూ మునుగుతుంది. మీ బొమ్మ కూడా నీటికన్నా బరువైన ప్లాస్టిక్కే అయివుంటుంది. 5 అంకె ప్లాస్టిక్‌ను వంటనూనెలో వేస్తే పైకి తేలిపోతుంది, నూనె మార్చమన్నది అందుకు కూడా. కత్తిరించిన ముక్కను ముందు గ్లాసులో వేసి చూసుకోండి. చిన్న గాలిబుడగ అంటుకున్నా ముక్క తేలుతుంది, వేలితో తుడిచి మళ్లీ వదలండి.

మూత దగ్గరే ఎక్కువమంది పొరపడతారు. సీసా మూతి చుట్టూ ఉండే మర గీతల మీద నూనె తడి ఉంటే ఏ జిగురూ పట్టదు. పొడిగుడ్డతో రెండుసార్లు తుడిచి, మూత లోపల జిగురు రాసి బిగించి, రాత్రంతా నిలబెట్టి ఉంచండి. మర్నాడు కాగితం మీద పడుకోబెడితే మరక పడుతుందో లేదో తెలుస్తుంది. పిల్లల చేత నీళ్లు పోయించండి, రంగు చుక్క వేయించండి. నూనె, జిగురు పెద్దవాళ్ల పని. ఇంకో మాట: గబగబా ఊపడం కాదు, సీసాను అడ్డంగా పట్టుకుని ఊయలలా మెల్లగా వాల్చడం నేర్పండి.

గాలంకర్ర:

గాలం ఆటలో తప్పు అయస్కాంతంలో కాదు, క్లిప్పు పెట్టిన చోట ఉంటుంది. క్లిప్పు మొత్తం అట్ట మీదికి తోసేస్తే అయస్కాంతానికి అందే ఇనుము తక్కువ. మూతి దగ్గర పెట్టి, సగం బయటికి పొడుచుకు వచ్చేలా వదలండి. చేప 8 నుంచి 10 సెం.మీ. మించకూడదు. అట్ట పలచగా, శుభలేఖ కార్డంత మందం చాలు. కాస్త లేచి జారేవాటికి ఇంకో క్లిప్పు తగిలించండి.

అసలు అంటుకోనివి ఇత్తడివో, వట్టి ప్లాస్టిక్‌వో అయ్యుంటాయి. ప్లాస్టిక్ తొడుగున్న ఇనుప క్లిప్పు పనిచేస్తుంది. పిల్లలు కూర్చోకముందే ఒక్కోదాన్నీ అయస్కాంతానికి ఆనించి చూడండి. మీరు అయస్కాంతం మీద టేపు చుట్టారా? రెండు మూడు చుట్లు వేస్తే పట్టు సగానికి పైగా పోవచ్చు. దూరం కొద్దిగా పెరిగినా లాగే శక్తి ఇట్టే పడిపోతుంది.

కర్ర 30 సెం.మీ., కొసలు మొద్దుగా ఉండాలి. దారం పొడవు వయసును బట్టి: మూడేళ్లవాళ్లకు 15 సెం.మీ., ఐదేళ్లవాళ్లకు 35. దారం పొడవైతే అయస్కాంతం గడియారం లోలకంలా ఊగుతుంది, చిన్న చెయ్యి దాన్ని నిలపలేదు. చేపల మధ్య జానెడు ఎడం ఉంచండి. అయస్కాంతానికి తగిలిన క్లిప్పు తానూ కాసేపు అయస్కాంతమై పక్కదాన్ని లాక్కొస్తుంది, ఒకేసారి మూడు చేపలు లేచి గొడవ మొదలవుతుంది. (లెక్కల పాఠమైతే అదీ మంచిదే అనుకోండి.) చేపల మీద అంకె రాయకండి, 1 నుంచి 5 దాకా చుక్కలు పెట్టండి. "మూడు చుక్కల చేపను పట్టు" అంటే వేలు పెట్టి లెక్కపెడతారు. అంకె రాస్తే దాని రూపాన్నే గుర్తుపడతారు, లెక్కపెట్టరు.

నీళ్లలో ఆడించొద్దు. అట్ట నానుతుంది, క్లిప్పు తుప్పు పడుతుంది. నీలం గుడ్డ పరిస్తే చాలు.

ముందుజాగ్రత్త:

జెల్లీ పూసలు వద్దు, అసలే వద్దు. పొడిగా ఉన్నప్పుడు ఆవగింజంత ఉంటాయి. మింగితే కడుపులో ఉబ్బి పేగుకు అడ్డుపడతాయి, ఆపరేషన్ దాకా వెళ్తుంది. చెవిలోనో ముక్కులోనో పెట్టుకున్నా అంతే. గచ్చు మీద దొర్లిపోయినది ఒక్కటి మిగిలినా ముప్పే, కాబట్టి "నేను చూస్తూనే ఉంటా" అన్నది సరిపోదు. గులకరాళ్లు కావాలంటే పెట్టె అడుగున ఇసుక కాగితం ముక్క అతికించి, రంగు కాగితం గుండ్రాలు అంటించండి.

గాలంలో వెండిలా మెరిసే చిన్న గట్టి అయస్కాంతాలు కూడా వాడొద్దు. రెండు మింగితే పేగు గోడల్ని మధ్యలో బిగించి తూట్లు పెడతాయి. నల్లటి ఫెర్రైట్ అయస్కాంతం బిళ్ల, 3 సెం.మీ.కి తగ్గకుండా, మధ్యలో కన్నమున్నది తీసుకుని దారం ఆ కన్నంలోంచి కట్టండి. అతికించింది ఊడుతుంది, కట్టింది ఊడదు.

తొట్టిలో నీళ్లాట పెడితే అయిపోగానే వెంటనే పారబోయండి. చిన్నపిల్లలు కొద్ది సెంటీమీటర్ల లోతు నీళ్లలోనూ మునిగిపోగలరు.

చిట్టిబడి:

పూసలు తీసేశాను. అయస్కాంతం మీద టేపు ఉంది, మూడు చుట్లు! పెట్టె చేపల సంగతి ఎవరైనా చెప్తారా?

అట్టకత్తెర:

కాగితానికి ఒకవైపే తడి తగిలితే ఆరేటప్పుడు ఆ వైపు కుంచించుకుని చుట్టుకుంటుంది. రెండోవైపు కూడా రంగు వేయండి, కనీసం వట్టి నీళ్లతో కుంచె తిప్పండి. ఆపైన బరువు కింద ఆరనివ్వండి. ఈ వయసుకు క్రేయాన్ మేలు. క్రేయాన్‌తో పొలుసులు గట్టిగా నొక్కి గీయించి, పైన పల్చటి నీలం నీటిరంగు పూయించండి. మైనం ఉన్నచోట నీళ్లు పట్టవు, పొలుసులు తేలి కనిపిస్తాయి. స్కెచ్ పెన్‌తో గీస్తే చెదిరిపోతుంది.

తిరగడం ఆగాలంటే ఒక్కో చేపకు వీపు మీద రెండు కన్నాలు, రెండు దారాలు, పైన కూడా రెండు వేర్వేరు చోట్ల కట్టాలి. పెట్టెకు కిటికీ కోసేటప్పుడు చుట్టూ 2 సెం.మీ. అంచు వదలండి, లేకపోతే పెట్టె వంగుతుంది. లోపల రంగు వేయడం కిటికీ కోయకముందే.

నాదో చాదస్తం: బంగారు చేపను, క్లౌన్ చేపను ఒకే పెట్టెలో వేలాడదీయకండి. మొదటిది మంచినీటిది, రెండోది ఉప్పునీటిది. రెండు పెట్టెలు చేయండి. రెండు గ్లాసులు పక్కపక్కన పెట్టి, ఒకదాంట్లో 250 మి.లీ. నీళ్లకు 3 పెద్ద చెంచాల ఉప్పు కరిగించి రెండిట్లోనూ గుడ్డు వేయండి. మంచినీళ్లలో మునుగుతుంది, ఉప్పునీళ్లలో తేలుతుంది. తేడా కంటికి కనిపించాకే పెట్టెలు విడదీయండి. పాత గుడ్డు మంచినీళ్లలోనూ తేలుతుంది, తాజాది తీసుకోండి.

మొప్పలమామ:

చివరి సందేహానికి నా జవాబు. జిగురు అక్కర్లేని ఆటలు మూడు.

మొప్పల ఆట: పిల్లలు రెండు అరచేతులూ చెంపలకు ఆనించాలి. నోరు తెరిచినప్పుడు చేతులు మూసి, నోరు మూసినప్పుడు చేతులు రెక్కల్లా తెరవాలి. చేప చేసేది అదే. నోట్లోంచి నీళ్లు లోపలికి, మొప్పల పక్కనుంచి బయటికి. మొదట అందరూ రెండూ ఒకేసారి తెరుస్తారు, సరిదిద్దకుండా నిజం చేప వీడియో చూపించండి, వాళ్లే పట్టుకుంటారు.

తోక ఆట: చేప తోక కుడి ఎడమలకు కొడుతుంది, డాల్ఫిన్ తోక పైకీ కిందికీ. డాల్ఫిన్ చేప కాదు, పాలిచ్చే జంతువు. పరుగెత్తే నాలుగుకాళ్ల జంతువులకు మల్లే దాని వెన్నూ పైకీ కిందికీ వంగుతుంది. అరచేతులు జోడించి పక్కలకు ఊపితే చేప, చెయ్యి బోర్లించి పైకీ కిందికీ ఊపితే డాల్ఫిన్. మీరు పేరు చెప్పండి, వాళ్లు ఊపుతారు. "తిమింగలం" అన్నప్పుడు తేలిపోతుంది ఎవరికి అర్థమైందో.

మునిగే తేలే చేప: మెత్తటి 500 మి.లీ. సీసా, పారదర్శకమైన పెన్ను మూత, కాస్త బంకమట్టి. పెన్ను మూత కొసన కన్నం ఉంటే మట్టితో మూసేయండి, లేకపోతే గాలి నిలవదు. మూత కాడకు మట్టి అంటిస్తూ గ్లాసులో తేల్చి చూడండి. కొస నీటిపైన 2, 3 మి.మీ. మాత్రమే కనిపించాలి. సీసాను అంచుదాకా నింపి, పెన్ను మూతను నోరు కిందికి ఉండేలా వదిలి, సీసా మూత బిగించండి. నొక్కితే మునుగుతుంది, వదిలితే లేస్తుంది. లోపలి గాలి నలిగి నీళ్లు పైకెక్కడం పారదర్శకమైన మూతలో కనిపిస్తుంది. ఎంత నొక్కినా మునగకపోతే మట్టి చాలలేదు, లేదా సీసాలో గాలి మిగిలింది. మునిగి లేవకపోతే మట్టి ఎక్కువైంది.

పిల్లలకు చెప్పేటప్పుడు "చేప కడుపులో గాలితిత్తి ఉంటుంది" అనండి చాలు. నిజం చేప మునిగేది ఇలా ఎవరో నొక్కడం వల్ల కాదు. చాలా చేపలు రక్తంలోంచి ఆ తిత్తిలోకి వాయువు నింపుకుంటాయి, తీసేస్తాయి. సొరచేపకు తిత్తే లేదు.

చిట్టిబడి:

పెన్ను మూత రెండుసార్లు మునిగి లేచింది, మూడోసారి అడుగునే ఉండిపోయింది. మట్టి మార్చలేదు.

మొప్పలమామ:

సీసా అడ్డంగా పడుకోబెట్టారా? పెన్ను మూతలోంచి ఒక బుడగ జారిపోయుంటుంది. బయటికి తీసి, నీళ్లు దులిపి, మళ్లీ నిటారుగా వదలండి. పిల్లల చేతికిచ్చే ముందు సీసా మూతకు జిగురు పెట్టండి, పెన్ను మూత గొంతుకు అడ్డం పడేంత చిన్నది.